చిన్నపిల్లలున్న ఇంట్లో వారం ఎక్కడ తెగుతుంది?

క్లుప్తంగా: చిన్నపిల్లలున్న ఇళ్లలో వారం ఊపిరి సలపకుండా గడవడానికి పని ఎక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. పనులన్నీ రోజులో రెండు ఇరుకు సమయాల్లోనే వచ్చి పడతాయి. ఒకటి ఆలస్యమైతే దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి. మధ్యలో ఖాళీ ఉండదు. పైగా ఏ పని ఎప్పుడు చేయాలో చాలా ఇళ్లలో ఒక్కరికే తెలుసు. ఇవన్నీ కలిసిన చోట ఒక చిన్న జ్వరం చాలు, వారం తలకిందులవుతుంది.

## కాగితం మీద 168 గంటలు

వారానికి 168 గంటలు. ఉద్యోగం చేసే మనిషి రోజుకు ఎనిమిది గంటలు నిద్రపోతే అందులో 56 పోతాయి. ఆఫీసు, రాకపోకలు కలిపి రోజుకు పది గంటల చొప్పున ఐదు రోజులకు 50. ఇంకా 62 గంటలు మిగిలే ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 124. ఈ లెక్క చూసినవాళ్లకు ఒక అనుమానం రావడం సహజం: ఇంత సమయం ఉండగా పిల్లల గోళ్లు తీయడానికి కూడా తీరిక దొరకలేదని ఎలా అంటారు?

ఆ 62 గంటలన్నీ ఒకే రకం గంటలు కాకపోవడం వల్ల. సగానికి పైగా, అంటే 32 గంటలు, వారాంతపు రెండు రోజుల్లోనే ఉన్నాయి. మిగిలిన 30ని ఐదు పనిదినాలకు పంచితే రోజుకు ఆరు గంటలు వస్తాయి. అందులో పెద్దవాళ్లు ఇంట్లో ఉండి, పిల్లలు మెలకువగా ఉండే సమయం ఇంకా తక్కువ.

దీన్ని బిగించేది పిల్లల నిద్ర. పగటి కునుకుతో కలిపి రోజుకు ఒకటి రెండేళ్ల పిల్లలకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ప్రకటించింది. నాలుగేళ్ల పాపకు రాత్రిపూట కనీసం పది గంటలు కావాలనుకుందాం. ఉదయం 6:30కి లేవాలంటే రాత్రి 8:30కల్లా నిద్రలో ఉండాలి. పెద్దవాళ్లు ఆరింటికి ఇల్లు చేరితే సాయంత్రం దొరికేది రెండున్నర గంటలు. ఉదయం లేచింది మొదలు ఇల్లు దాటేదాకా గంటన్నర. మొత్తం నాలుగు గంటలు, ఐదు రోజులకు 20. స్నానాలు, తిండి, హోంవర్కు, ఆటలు, అలకలు, అన్నదమ్ముల గొడవలు, కథ చెప్పి పడుకోబెట్టడం, అన్నీ ఆ ఇరవైలోనే ఇమడాలి.

పిల్లలు పడుకున్నాక ఇంకో రెండు గంటలు ఉంటాయి, నిజమే. ఆ వేళలో బట్టలు మడతపెట్టవచ్చు, బిల్లులు కట్టవచ్చు. నిద్రపోతున్న పిల్లకు జుట్టు కత్తిరించలేరు, పళ్ల డాక్టరుకు చూపించలేరు, కొత్త చొక్కా సరిపోయిందో లేదో వేసి చూడలేరు. పిల్లలతో కలిసి మాత్రమే చేయగలిగిన పనులు, కార్యాలయాలూ దుకాణాలూ తెరిచి ఉన్నప్పుడు మాత్రమే అయ్యే పనులు ఆ ఇరుకు సమయాల్లోకో, శనివారంలోకో వచ్చి చేరతాయి. శనివారం మధ్యాహ్నం దొరికిన గంటను బుధవారం ఉదయానికి జరుపుకునే మార్గం ఏదీ లేదు.

## ఉదయం గంటన్నర

పెద్ద నిర్మాణాల్లో, ఫ్యాక్టరీ మరమ్మతుల్లో ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ముందే కనిపెట్టడానికి 1950ల చివర్లో ఇంజనీర్లు 'క్రిటికల్ పాత్' అనే పద్ధతి తయారు చేసుకున్నారు. దేని తర్వాత ఏది జరగాలో గీసుకుంటారు. ఆ గీతల్లో అన్నిటికంటే పొడవైన గొలుసు ఏదో చూస్తారు. ఆ గొలుసులో లేని పనిని ఎంత త్వరగా ముగించినా మొత్తం పని ఒక్క నిమిషం కూడా ముందుకు జరగదు.

ఉదయం ఇంటిని ఇలా గీసి చూస్తే పొడవైన గొలుసు దాదాపు ఎప్పుడూ అందరికంటే చిన్న మనిషి గుండానే పోతుంది. నిద్ర లేపడం, బాత్రూం, పళ్లు తోమించడం, బట్టలు, తినిపించడం, మీద ఒలకబోసుకుంటే మళ్లీ బట్టలు, జోడు. తండ్రి పది నిమిషాలు ముందే తయారై కూర్చున్నంత మాత్రాన బయల్దేరే టైం మారదు. అతను ఆ పది నిమిషాలు ఈ గొలుసులోకి వచ్చి ఏదైనా పట్టుకుంటేనే మారుతుంది.

తలుపు దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గర నుంచి చూడాలి. 7:52 అయింది. మూడున్నరేళ్ల బాబు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక బూటు కాలికి ఉంది, రెండోది ఒళ్లో ఉంది. దాని వెల్‌క్రో పట్టీని చర్రున లాగుతున్నాడు, అతికిస్తున్నాడు, మళ్లీ లాగుతున్నాడు. భుజాలకు రెండు సంచులు తగిలించుకున్న తల్లి "తొందరగా వేసుకో నాన్నా" అనడం ఇది మూడోసారి. వంగి తనే వేయబోతే "నేనే" అని కాలు వెనక్కి లాక్కున్నాడు. ఇప్పుడు ఏడుపు. ఏడుపు ఆగడానికి నాలుగు నిమిషాలు.

దీన్ని మొండితనం అనడం తేలిక. చిన్నపిల్లల మెదడు మీద జరిగిన పరిశోధన ఇంకో కారణం చూపిస్తుంది. మనస్తత్వవేత్త ఫిలిప్ జెలాజో బృందం 1990ల నుంచి చేస్తూ వచ్చిన ఒక కార్డుల పరీక్ష ఉంది. ముందు కార్డులను రంగును బట్టి పేర్చమంటారు. తర్వాత, ఇకనుంచి బొమ్మ ఆకారాన్ని బట్టి పేర్చమంటారు. మూడేళ్ల పిల్లల్లో చాలామంది కొత్త నియమం ఏమిటని అడిగితే సరిగ్గానే చెబుతారు, చేత్తో మాత్రం పాత పద్ధతిలోనే పేరుస్తూ పోతారు. ఐదేళ్లు వచ్చేసరికి ఎక్కువమంది మార్చుకోగలుగుతారు. అంటే బూట్లు వేసుకోవాలన్న సంగతి ఆ బాబుకు తెలియక కాదు, చేస్తున్న పని వదిలి ఇంకో పనిలోకి మారడమే ఆ వయసులో కష్టం. ఈ మార్పును నడిపించే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవైల మధ్యదాకా పడుతుంది. ఇక "ఐదు నిమిషాల్లో బయల్దేరాలి" అన్న మాట గడియారం చూడటం రాని పిల్లలకు ఏ సమాచారమూ ఇవ్వదు. అది పెద్దవాళ్లు తమకు తాము చెప్పుకునే మాట.

చిన్నపిల్లలున్న ఇంట్లో రోజంతా ఉండేవి ఇలాంటి మార్పులే: నిద్రలోంచి బాత్రూంలోకి, ఆటలోంచి కారులోకి, కారులోంచి తరగతిలోకి, స్నానంలోంచి పక్క మీదకి. పనుల కంటే పనుల మధ్య అతుకులే ఎక్కువ సమయం తింటాయి. అయినా ఏ ఇంటి టైంటేబుల్‌లోనూ అతుకులకు గడి ఉండదు.

పెద్దవాళ్ల అంచనా కూడా తప్పుతుంది. మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్స్‌కీ 1979లో 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టింది ఈ తప్పుకే. ఒక పనికి ఎంత సేపు పడుతుందని అడిగితే, గతంలో అలాంటి పనులకు నిజంగా ఎంత పట్టిందో చూడకుండా అంతా సజావుగా జరిగితే ఎంత పడుతుందో చెప్పేస్తాం. 1994లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 33.9 రోజుల్లో పూర్తవుతుందన్నారు, పట్టింది 55.5 రోజులు. ఇంట్లోనూ అంతే. ఇరవై నిమిషాల్లో బయటపడిన ఆ ఒక్క మంగళవారమే లెక్కలోకి వస్తుంది, ఏడుపుతో నలభై అయిన మిగతా నాలుగు రోజులు 'ఏదో ఆ రోజు అలా అయింది' ఖాతాలోకి పోతాయి.

రాత్రే సంచులు సర్దుకోండి, బట్టలు తీసిపెట్టుకోండి అన్న సలహా అందరూ ఇచ్చేదే. అది ఎందుకు పనిచేస్తుందో ఫ్యాక్టరీల అనుభవం చెబుతుంది. జపాన్‌కు చెందిన ఇంజనీరు షిగియో షింగో యంత్రాల్లో అచ్చులు మార్చే పనులను రెండు రకాలుగా విడదీశాడు: యంత్రం ఆపితే తప్ప చేయలేనివి, యంత్రం నడుస్తుండగానే చేసిపెట్టుకోగలిగినవి. రెండో రకాన్ని ముందే ముగించేస్తే యంత్రం ఆగి ఉండే సమయం బాగా తగ్గిపోయింది. ఇంట్లో రాత్రి సర్దుడు అలాంటిదే. అయితే అది పనిని తగ్గించదు, ఖరీదైన ఉదయపు నిమిషాల నుంచి తీసి పెద్దవాళ్లకు మిగిలిన ఆ రెండు గంటల్లో పెడుతుంది. సలహా ఇచ్చేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు.

## 90 శాతానికీ 95 శాతానికీ తేడా

టికెట్ కౌంటరు దగ్గర క్యూ ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు గణితంలో ఒక శాఖే ఉంది. బ్రిటిష్ గణితవేత్త జాన్ కింగ్‌మన్ 1961లో ఇచ్చిన సూత్రం అందులో పేరున్నది. దాని సారం ఇది: కౌంటరులోని మనిషికి పని నిండే కొద్దీ వేచి ఉండాల్సిన సమయం మెల్లగా కాదు, చివర్లో ఒక్కసారిగా పెరుగుతుంది. అన్నిటికంటే సరళమైన నమూనాలో, 80 శాతం సమయం పనితో నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని సగటున నాలుగు పనులకు పట్టేంత సేపు ఆగాలి. 90 శాతం నిండితే తొమ్మిది, 95 శాతం నిండితే పంతొమ్మిది.

పావుగంట పనుల్లో చెప్పుకుంటే, 80 శాతం నిండిన ఇంట్లో పిల్ల జేబు చిరిగిందని చెప్పిన గంటకు ఎవరో ఒకరు దాన్ని పట్టించుకుంటారు. 95 శాతం నిండిన ఇంట్లో దానికి నాలుగు గంటల ముప్పావు పడుతుంది, ఈలోగా పిల్ల నిద్రపోతుంది, పని మరుసటి రోజుకు పోతుంది. ఇల్లు టికెట్ కౌంటరు కాదు. ఇంట్లో కొన్ని పనులను వదిలేయవచ్చు, రెండింటిని కలిపి చేయవచ్చు. అయినా ఈ వంపు ఆకారం మాత్రం ఏ పెద్దవాళ్ల అనుభవానికైనా సరిపోతుంది: నిన్నటిదాకా ఏదోలా నడిచిన వారం, చిన్న పని ఒకటి చేరగానే చేయి దాటిపోవడం.

90 నుంచి 95కి పోవడమంటే పెరిగిన పని ఐదు శాతమే. నిరీక్షణ మాత్రం రెట్టింపు దాటింది. "వారానికి ఒక్క క్లాసే కదా" అని పిల్లను ఈతలో చేర్పించినప్పుడు జరిగేది ఇదే. క్లాసు ముప్పావుగంటే. దానికి ముందు బట్టలు, తువ్వాలు వెతకడం, తీసుకెళ్లడం, తర్వాత తడి జుట్టు ఆరబెట్టడం, ఆకలితో వచ్చిన పిల్లకు వెంటనే తిండి పెట్టడం, ఆలస్యమైన నిద్ర, మర్నాడు ఉదయం లేవని పిల్ల. గురువారం సాయంత్రం పెట్టుకున్న క్లాసు శుక్రవారం ఉదయాన్ని కూడా తీసుకుంటుంది. ఈత నేర్పించొద్దని కాదు. దాని ధర ముప్పావుగంట అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

## ఒక జ్వరం ఎంత దూరం పోతుంది

ఇలా నిండిన వారంలోకి జలుబు వస్తే గోరుచుట్టు మీద రోకటి పోటే. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలు సంగతి, డే కేర్‌కు వెళ్లే పిల్లలకు ఇంకా ఎక్కువ రావచ్చు. ఒక్కోటి వారం నుంచి పది రోజులు ఉంటుంది. జలుబు తెచ్చే రైనోవైరస్‌లలోనే నూటయాభైకి పైగా రకాలున్నాయి కాబట్టి ఒకసారి వచ్చి పోయింది కదా అన్న ధీమాకు అర్థం లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడాదిలో పన్నెండు నుంచి పదహారు జలుబులు, అవి కూడా కొన్ని నెలల్లోనే గుంపుగా. వారం ప్లాను వేసేటప్పుడు మాత్రం జబ్బును ఎప్పుడో జరిగే ప్రమాదంలాగా లెక్కేస్తాం. నిజానికి అది నెలకోసారి వచ్చే చుట్టం.

రైనోవైరస్ సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. ఈ చిన్న వ్యవధే వారానికి పెద్ద చేటు. సోమవారం చిన్నవాడికి మొదలైతే బుధ, గురువారాల్లో పెద్దపిల్లకు, వారాంతానికి తల్లికో తండ్రికో. అందరికీ ఒకేసారి వస్తే రెండు రోజులు పోయేవి. వరసగా వస్తే రెండు వారాలు పోతాయి.

చాలాచోట్ల స్కూళ్లు, డే కేర్‌లు పెట్టే నియమం ఇంకొకటుంది: మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పిల్లను పంపాలి. అంటువ్యాధుల దృష్ట్యా సబబైన నియమమే. ఇంటి క్యాలెండరులో దాని లెక్క చూడండి. సోమవారం రాత్రి జ్వరం వచ్చింది. మంగళవారం ఇంట్లోనే. మంగళవారం సాయంత్రానికి తగ్గింది, పిల్ల ఆడుకుంటోంది కూడా. కానీ 24 గంటలు నిండేది బుధవారం సాయంత్రానికి. బడికి వెళ్లేది గురువారం. ఒక్క రోజు జ్వరానికి రెండు పనిదినాలు. బుధవారం మరీ విచిత్రమైన రోజు: పిల్ల హుషారుగా ఉంటుంది, ఆ పక్కనే ల్యాప్‌టాప్ తెరిచిన పెద్దమనిషి మీటింగులో మ్యూట్ నొక్కుతూ తీస్తూ ఉంటాడు.

అసలు టెన్షన్ జ్వరం గురించి కాదు, అది చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టాలన్న ప్రశ్నకు ముందే అనుకున్న జవాబు లేకపోవడం గురించి. ఉదయం 6:45కి, పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, ఆ చర్చ మొదలవుతుంది. చాలా ఇళ్లలో జీతం తక్కువ ఉన్నవాళ్లో, ఆఫీసులో అడగగలిగిన వాళ్లో ఆగిపోతారు. అలా రెండు మూడుసార్లు ఆగినవాళ్లకే తర్వాత ఎప్పుడూ ఆగడం అలవాటుగా మారుతుంది.

## "చెప్తే చేస్తా కదా"

క్యూల లెక్కలోనే ఇంకో సంగతి ఉంది, ఇళ్లకు బాగా పనికొచ్చేది. రెండు కౌంటర్లకు రెండు వేర్వేరు వరసలు ఉండటం ఒక పద్ధతి. రెండింటికీ కలిపి ఒకే వరస ఉండి, ఏ కౌంటరు ఖాళీ అయితే అక్కడికి వెళ్లడం ఇంకో పద్ధతి. పని అంతే, మనుషులు అంతే. ఇద్దరికీ 90 శాతం పని ఉన్నప్పుడు వేర్వేరు వరసల్లో తొమ్మిది పనులంత సేపు ఆగాల్సి వస్తే, ఒకే వరసలో సుమారు 4.3 పనులంత సేపు చాలు. సగం కన్నా తక్కువ.

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకే వరస ఉన్నట్టేనని పైకి అనిపిస్తుంది. ఏ పనైనా ఇద్దరిలో ఎవరైనా చేయగలిగితేనే ఆ లాభం వస్తుంది. పిల్లకు వేసే మందు ఎంత మోతాదో, ఏ సంచిలో ఏ నోట్‌బుక్ ఉండాలో, నిద్రపోవడానికి ఏ దుప్పటి కావాలో ఒక్కరికే తెలిసిన ఇంట్లో ఉన్నవి రెండు వరసలు. ఒకటి చాంతాడంత పొడుగ్గా, ఇంకొకటి ఖాళీగా.

సామాజికశాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ కనిపించని పనిని నాలుగు ముక్కలు చేసి చూపించింది: అవసరం రాబోతోందని ముందే పసిగట్టడం, ఏమేం దారులున్నాయో వెతకడం, వాటిలో ఒకటి నిర్ణయించడం, అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. 35 జంటలతో మాట్లాడాక తేలిందేమిటంటే, నిర్ణయం దగ్గర ఇద్దరూ ఉంటారు. మొదటిది, చివరిది ఎక్కువగా స్త్రీల మీదే పడతాయి. బయటికి కనిపించేది నిర్ణయం. తల తినేది ఆ మొదటిది, చివరిది.

మంగళవారం రాత్రి స్కూలు సంచి అడుగున నలిగిన కాగితం ఒకటి దొరికిందనుకోండి. గురువారం అందరూ పసుపు రంగు చొక్కా వేసుకురావాలి, సంతకం చేసిన ఫారం బుధవారంలోగా ఇవ్వాలి. పసుపు చొక్కా ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే ఉతకని బట్టల్లో ఉందా? పోయినేటిదైతే సరిపోతుందా? లేకపోతే బుధవారం ఎవరు ఏ టైంలో కొంటారు? సంతకానికి పట్టేది మూడు సెకన్లు. పెట్టిన సంతకం మళ్లీ సంచిలోకి వెళ్లిందా, సంచిలోంచి టీచరు చేతికి చేరిందా అన్నది బుధవారం సాయంత్రందాకా ఎవరో ఒకరి తలలో తిరుగుతూ ఉండాలి. భవిష్యత్తులో చేయాల్సిన పనిని సరైన సమయానికి గుర్తుంచుకోవడం తేలిక కాదు. కళ్లెదుట ఏదైనా గుర్తు కనిపిస్తే అది తేలికవుతుంది. ఫారం సంచిలోకి పోగానే ఆ గుర్తు మాయమవుతుంది.

ఇక్కడే "చెప్తే చేస్తా కదా" అన్న మాట వస్తుంది. అన్నవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. పనుల లెక్కలో దాని అర్థం మాత్రం, ఆ నాలుగు ముక్కలూ నీవి, చేత్తో చేసేది నాది అని. చెప్పాలంటే ముందు గుర్తుండాలి. గుర్తుంచుకోవడమే బరువైన చోట ఈ సాయం బరువును పెద్దగా తగ్గించదు.

చేత్తో చేసే పని పంపకం కూడా సమానంగా లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పని గంటల్లో 76.2 శాతం స్త్రీలే చేస్తున్నారు. రోజుకు సగటున స్త్రీలు 4 గంటల 25 నిమిషాలు, పురుషులు గంటా 23 నిమిషాలు. 

## సోమవారం ఉదయం బరువు

వారంలో అన్ని ఉదయాలూ ఒకేలా ఉండవు. నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనాలో నిద్రను రెండు శక్తులు నడుపుతాయి: మెలకువగా ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి ఒకటి, శరీరంలోని గడియారం ఇంకొకటి. శనివారం, ఆదివారం పిల్లలు గంటన్నర ఆలస్యంగా పడుకుని అంతే ఆలస్యంగా లేస్తే రెండూ పక్కకు జరుగుతాయి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కారులో పట్టిన కునుకు ఉన్న కాస్త ఒత్తిడినీ తీసేస్తుంది. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు దీపం ఆర్పినా పిల్ల కళ్లు తెరుచుకునే ఉంటుంది. 2006లో టిల్ రోనెబెర్గ్ బృందం దీనికి 'సోషల్ జెట్‌లాగ్' అని పేరు పెట్టింది: మనిషి కదలకుండానే టైం జోన్ మారినట్టు. శని, ఆదివారాల్లో లేచే వేళను అరగంట కంటే ఎక్కువ జరపని ఇళ్లలో సోమవారం తేలికగా ఉండటానికి ఇదే కారణం. కాకపోతే వారమంతా పరిగెత్తినవాళ్లను ఆదివారం కూడా ఏడింటికి లేవమనడం న్యాయంగా అనిపించదు.

## ఇదివరకు ఇంత హడావిడి లేదా?

యంత్రాలు వచ్చాక కూడా ఎందుకింత పరుగు అన్న ప్రశ్న పాత తరం నుంచి తరచూ వినిపిస్తుంది. దీనికి లెక్కలున్నాయి. అమెరికాలో ఉద్యోగం చేయని గృహిణులు 1920ల్లో ఇంటిపనికి వారానికి సుమారు 52 గంటలు పెడితే, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ ఇంటింటికీ చేరిన 1960ల్లో సుమారు 55 గంటలు పెట్టారని సామాజికశాస్త్రవేత్త జోఆన్ వానెక్ 1974లో చూపించింది. యంత్రం ఒక్క విడత ఉతుకుడును తేలిక చేసింది. అందుకే విడతలు పెరిగాయి. ఒకసారి వేసుకున్న చొక్కా ఇప్పుడు నేరుగా ఉతికే బట్టల్లోకి పోతుంది.

పిల్లల కోసం పెట్టే సమయం తగ్గిందన్న నమ్మకం కూడా నిలవదు. పాశ్చాత్య దేశాలు పదకొండింటిలో 1965 నుంచి 2012 దాకా రోజువారీ సమయ వినియోగాన్ని పోల్చిన 2016 నాటి అధ్యయనంలో తల్లులు పిల్లల సంరక్షణకు పెట్టే సమయం రోజుకు 54 నిమిషాల నుంచి 104 నిమిషాలకు, తండ్రులది 16 నుంచి 59 నిమిషాలకు పెరిగింది. ఇదే కాలంలో ఉద్యోగాలకు వెళ్లే తల్లుల సంఖ్యా పెరిగింది. అంటే ఉద్యోగం పిల్లల సమయాన్ని తినేయలేదు. రెండూ కలిసి మిగతా ఖాళీని తినేశాయి. ఒకప్పటి తల్లికి ఇంట్లో చాకిరీ తక్కువ కాదు. పిల్లలు వాళ్లంతట వాళ్లు వీధిలో ఆడుకునే గంటలు మాత్రం ఆమె లెక్కలోకి వచ్చేవి కావు. ఇప్పుడు ఆట కూడా ఒక టైంకి, ఒక చోటికి, ఒక పెద్దమనిషి తీసుకెళ్తే జరిగే పని అయింది. చుట్టుపక్కల అందరి పిల్లలూ క్లాసుల్లో ఉంటే, తమ పిల్లను వీధిలోకి వదలాలనుకున్నా అక్కడ ఆడుకోవడానికి ఇంకో పిల్ల ఉండదు.

## ఏది ఎంతవరకు పనికొస్తుంది

ఇద్దరి ఫోన్లలోనూ కనిపించే క్యాలెండరు యాప్ గుర్తుంచుకునే భారాన్ని కొంత తీస్తుంది. అందులో ఎక్కించేది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. రెండు ఫోన్లలో ఉన్న క్యాలెండరును ఒక్కరే నింపుతుంటే పాత వరస కాస్త అందంగా కనిపిస్తుంది, అంతే. సరుకులు ఇంటికే తెప్పించుకోవడం బజారుకు వెళ్లొచ్చే గంటను మిగులుస్తుంది, ఏం అయిపోయిందో గమనించే పనిని మిగల్చదు. ఇంటి నుంచి పని రాకపోకల సమయాన్ని ఇస్తుంది. కానీ ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్లినప్పుడు మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఆగిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో చూపించింది. బుధవారం మ్యూట్ బటన్ దగ్గర జరిగేది సరిగ్గా అదే, రెండు దిక్కులా.

పనులను ముక్కలుగా కాకుండా మొత్తంగా పంచుకోవడంలో లాభం ఎక్కువ. డాక్టరు దగ్గరి పనంతా ఒకరిది అంటే, టీకా తేదీ గుర్తుంచుకోవడం, అపాయింట్‌మెంట్, తీసుకెళ్లడం, మందు అయిందా చూడటం అన్నీ వాళ్లవే. మొదటి నెలల్లో తప్పులు జరుగుతాయి. ఒక తేదీ దాటిపోతుంది కూడా. పక్కవాళ్లు మధ్యలో దూరి సరిచేయకుండా ఉండగలగడం దీంట్లో కష్టమైన భాగం. అప్పుడప్పుడు ఇద్దరూ పనులు మార్చుకుంటే ఏ పనైనా ఎవరైనా చేయగలిగే ఆ ఒకే వరస నెమ్మదిగా తయారవుతుంది. జ్వరం వస్తే ఎవరు ఆగాలో ఆదివారమే అనుకోవడం కూడా ఇందులో భాగమే. సోమ, బుధ, శుక్రవారాలు ఒకరివి, మంగళ, గురువారాలు ఇంకొకరివి, వచ్చే వారం తిరగేసి. ఆ చర్చ 6:45కి జరగకపోవడం వల్ల మిగిలే పావుగంట ఉదయపు పావుగంట.

రెండోది, ఒక సాయంత్రాన్ని ఏమీ పెట్టకుండా వదిలేయడం. బుధవారమో గురువారమో అయితే మేలు, అప్పటిదాకా వాయిదా పడినవి అందులోకి వచ్చి పడతాయి. దాన్ని ఖాళీగా కాపాడుకోవడం మాత్రం తేలిక కాదు, ఎందుకంటే ఖాళీ కనిపించగానే "ఆ రోజు మీకేం లేదు కదా" అనేవాళ్లు ఇంటా బయటా ఉంటారు.

ఒక్కరే పెంచుతున్న ఇళ్లకు ఈ లెక్కలు ఇంకా కఠినంగా వర్తిస్తాయి. రెండో కౌంటరే లేదు. వాళ్లకు అమ్మమ్మ తాతయ్యలో, స్నేహితులో, పక్కింటివాళ్లో వారానికి ఇచ్చే ఒక గంట, ఇద్దరున్న ఇంటికి ఇచ్చే గంట కంటే ఎన్నో రెట్లు విలువైనది. 95 శాతం దగ్గర ఉన్నవాళ్లకు ఐదు శాతం దించితే నిరీక్షణ సగానికి పైగా పడిపోతుంది.

పిల్లల వయసు పెరిగేకొద్దీ వారం తేలికవుతుందని అందరూ అంటారు. సగం నిజం. ఐదారేళ్లకు పని మార్చుకునే శక్తి వస్తుంది, గడియారం కొంచెం కొంచెం అర్థమవుతుంది, ఉదయపు గొలుసు పొట్టిదవుతుంది. అదే సమయంలో స్కూలు కాగితాలు, క్లాసులు, స్నేహితుల పుట్టినరోజులు, అటూ ఇటూ దింపి రావడాలు పెరుగుతాయి. చేత్తో చేసే పని తగ్గి, కనిపెట్టుకుని ఉండే పని పెరుగుతుంది. ఆరేళ్ల పిల్ల బూట్లు తనే వేసుకుంటుంది. అవి ఇరుకయ్యాయని గమనించి, కొత్తవి ఏ శనివారం కొనాలో చూసుకోవాల్సింది ఇంకా పెద్దవాళ్లే.